జొన్నమ్మ మెత్తటి నడక

నమోదు 402

పొద్దున ఐదున్నరకి లాయం తలుపు తీశాను. బయట అప్పటికే నలభై ఒక్క డిగ్రీలు, కప్పు కింద ముప్పై. జొన్నమ్మకి రెండు పళ్ళేల మొలకగడ్డి వేశాను, నీళ్ళు పెట్టాను, పేడ ఎత్తాను. పేడ సంగతులు ఈ పుస్తకంలో రాయొద్దని జహీరా మేడం చెప్పింది. ఆమె ఈ చికిత్సాలయానికి పెద్ద, నేను గుర్రాల మనిషిని. గుర్రం గురించి రాస్తూ పేడ వదిలేస్తే సగం అబద్ధం రాసినట్టే కాబట్టి రాస్తూనే ఉంటాను.

ఈ మిట్ట మీద మూడు గుర్రాలుండేవి. రెండు పోయిన వేసవి జ్వరానికి పోయాయి. మిగిలింది జొన్నమ్మ ఒక్కతే. పద్నాలుగేళ్ళది, పండిన జొన్నకంకి రంగు. ఆరుగురు రోగుల చికిత్స దీని మీదే.

ఇవాళ తనిఖీకి వచ్చినాయన మళ్ళీ అదే పాట పాడాడు. యంత్రపు గుర్రాన్ని పంపిస్తారట. మేత అక్కర్లేదట, పేడ ఉండదట. పోయినేడు ఒకదాన్ని పంపారు కదా, ఏమైందో కాగితాలు చదువుకోమన్నాను. దాని మీద కూర్చున్న పావుగంటకే రోగులు దాని కాళ్ళు తమ కాళ్ళే అనుకున్నారు. దించితే ఒక్కొక్కరూ చంటిపిల్లల్లా ఏడ్చారు. మరి ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళ తొట్టిలో పడుకుని, ఎండని కరెంటు చేసే పలకల మైదానంలో ఇరవై అడుగుల ఇనప ఒంటితో తిరిగి పనిచేసిన వాళ్ళు. ఎండకి మనిషి వెళ్ళలేడు కాబట్టి యంత్రం వెళుతుంది, దాన్ని నడిపే మనిషి తొట్టిలో ఉంటాడు. అలా ఉండీ ఉండీ సొంత ఒళ్ళు మర్చిపోయారు. ఒంటిమరుపు అంటారు ఆ జబ్బుని. యంత్రం కనబడితే చాలు, అందులోకి జారిపోతారు.

ప్రాణమున్న గుర్రంలోకి జారలేరు. అది రానివ్వదు. నడుస్తూ వాళ్ళ నడుముని అటూ ఇటూ కుదుపుతుంది, నీ ఒళ్ళు ఇదిగో అని వాళ్ళది వాళ్ళకే అప్పజెబుతుంది. ఇదంతా చెబితే తనిఖీ ఆయన ముక్కు మూసుకుని, లాయం కంపు కొడుతోందని రాసుకుని పోయాడు.

నమోదు 404

ఆరుగురిలో లేపాక్షి ఆఖర్న వస్తుంది. ముప్పై ఆరేళ్ళ మనిషి, పదకొండేళ్ళు తొట్టిలో పనిచేసింది. కళ్ళతో చూస్తూ ఉంటే ఆమె చెయ్యి మాట వింటుంది, చూపు తిప్పితే చేతిలో గ్లాసు కిందపడుతుంది. ఇక్కడికి వచ్చే ముందు వేడి పెనం మీద అరచెయ్యి ఆనించి, కమురు వాసన వచ్చాక గానీ అది తన చెయ్యేనని తెలుసుకోలేదు. నోరు మాత్రం ఏ తొట్టీ మరిపించలేదు.

"మద్దిలేటన్నా, నీ గుర్రం నీకన్నా శుభ్రంగా ఉండాదే" అంది రాగానే.

"దానికి రోజూ నేను నీళ్ళు పోస్తాను. నాకు పోసేవాళ్ళెవరు?" అన్నాను.

440వ రోజున వీళ్ళకి పరీక్ష. కళ్ళు మూసుకుని, ఏదీ పట్టుకోకుండా మూడు నిమిషాలు నిలబడాలి. నిలబడితే ఇంటికి పంపుతారు. లేకపోతే శాశ్వత తొట్టి, యంత్రం నడుపుతూ అందులోనే ఉండాలి, ఇక లేపరు. ఒళ్ళు తెలియని మనిషి బయట తిరిగితే నిప్పుకో నీటికో బలైపోతుందని, అది వాళ్ళ మంచికేనని నిబంధనల్లో రాసి ఉంది. లేపాక్షి ఇవాళ యాభై సెకన్లు నిలబడింది.

స్వారీ అయ్యాక ఆరుగురూ కళ్ళు మూసుకుని, బెల్లం గడ్డని వేళ్ళతో వెతికి తీసుకుని, జొన్నమ్మ నోటికి అందించాలి. అరచేతి మీద గుర్రం పెదాలు ఆనినప్పుడు చాలామందికి మొదటిసారి 'ఇది నా చెయ్యి' అని తెలుస్తుంది. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను. మేడం మెచ్చుకుని నియమావళిలో చేర్చింది. పూటకి ఆరుగురు, రోజుకి రెండు పూటలు. గుర్రానికి పండగే.

నమోదు 411

జొన్నమ్మ నడక ఈ వారం ఎంతో మెత్తబడింది. ఇదివరకు అడుగు వేస్తే ఇసుక ఎగిరేది. ఇప్పుడు పొట్టి పొట్టి అడుగులు, ఇల్లు అలికినచోట నడిచినట్టు. మీద కూర్చున్న వాళ్ళకి బెదురు పోయింది. మేడం వచ్చి చూసి, "అనుభవంతో దానికే తెలిసిపోయినట్టుండాది మద్దిలేటీ, రోగి ఎక్కినాడని" అంది. నేనూ మురిసిపోయాను. పుస్తకంలో 'నడక: మెత్తన, చాలా మంచిది' అని రాశాను.

లేపాక్షి నిమిషం ఇరవై.

నమోదు 417

గుర్రం ముందరి గిట్టలు ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి. ఎండలు కదా. బండ మీద మలుపు తిప్పబోతే మొరాయించింది, ఇసుక మీదకి తీసుకుపోతే వచ్చింది. పనిలేనప్పుడు ముందరి కాళ్ళు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతోంది. కాసేపు ఎడమ కాలు, కాసేపు కుడికాలు ఎత్తి దించుతోంది. కుదురుగా నిలబడి విశ్రాంతి తీసుకోవడం నేర్చుకుందని రాశాను.

పదహారేళ్ళుగా గుర్రాల దగ్గర ఉన్నాను. నేను చూసింది మూడే గుర్రాలు, మూడూ ఏనాడూ కుంటలేదు. కుంటే గుర్రం ఎలా ఉంటుందో నాకెవరు చూపించారు?

లేపాక్షి నిమిషం యాభై. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, "అన్నా, ఇప్పుడు నాకు మోకాళ్ళుండాయి" అంది. నిజంగానే చూడకుండా రెండు మోకాళ్ళ మీదా చేతులు వేసి చూపించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇసుక పడిందన్నాను.

నమోదు 421

ఇవాళ రెండో చుట్టులో లేపాక్షి పగ్గం లాగింది.

"దించన్నా."

"ఏమైంది? తల తిరుగుతోందా?"

"నాకు కాదు. దీనికి కాళ్ళు నొప్పిగా ఉండాయి. ముందరివి రెండూనూ. ఎడమది ఇంకా శానా."

"నీకెలా తెలుసు?"

"ఎట్లంటే ఏం చెప్పేది? అది ఎడమ కాలు మోపినప్పుడంతా నా నడుంలో సన్నంగా దిగుతాండాది. నా నొప్పి కాదది. నా నొప్పి యాడుండాదో నాకిప్పుడు తెలుసు గదా."

దించాను. వంగి గిట్టలు పట్టుకున్నాను. వెచ్చన కాదు, కాలుతున్నాయి. పైన నాడి పట్టి చూస్తే వేలికింద దబదబ కొట్టుకుంటోంది. పది రోజుల నుంచి ఈ గిట్టలనే రోజుకి రెండుసార్లు కడుగుతున్నాను. పదకొండేళ్ళు ఒళ్ళు మర్చిపోయిన మనిషికి తెలిసింది నాకు తెలియలేదు.

నమోదు 422

గుర్రాల వైద్యం తెలిసిన వాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. మావైపు నుంచే పోయి ఎక్కడో కోస్తా గట్టు మీద ఉంటున్న రుక్మాంగదం అనే పెద్దాయన ఉన్నాడని మేడం వెతికి ఫోను కలిపింది. నేను చూసిందంతా చెప్పాను.

"ఏం పెడతాండావప్పా దానికి?" అన్నాడు.

మొలకగడ్డి అన్నాను. ఇంకా ఏమన్నాడు. బెల్లం అన్నాను. ఎంత అన్నాడు. నిమ్మకాయంత గడ్డ, రోజుకి పన్నెండు, ఏడాది పైనుంచి అన్నాను.

పన్నెండా అని ఆయన మళ్ళీ అడిగాడు. అవునన్నాను.

"గుర్రం అంత తీపిని తట్టుకోలేదు నాయనా. ఒంట్లో చక్కెర ఎక్కువైతే దెబ్బ గిట్టల్లో తగులుతాది. గిట్టకీ లోపలి ఎముకకీ మధ్య పట్టు ఊడిపోతాది. అది మెత్తగా నడస్తాందని రాసుకున్నావా? మెత్తగా నడిచేది కాదది, నిప్పుల మీద నడిచేది."

బెల్లం ఆపమన్నాడు, మొలకగడ్డి మానిపించి ఎండుగడ్డి నీళ్ళలో నానబెట్టి వేయమన్నాడు, గిట్టలకి చల్లనీళ్ళు పట్టమన్నాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్క అడుగు కూడా నడిపించొద్దన్నాడు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. ఆరుగురి చేతులు బాగుచేస్తున్నానని సంబరపడుతూ నాలుగు కాళ్ళు పాడుచేశాను. నియమావళిలో ఆ పేజీ మీద నా పేరుంది.

నమోదు 424

మనుషుల ఎముకలకి ఫోటో తీసే యంత్రాన్ని లాయానికి తోసుకొచ్చి గిట్టలకి ఫోటో తీశాం. గిట్ట లోపల ఎముక మొన కిందికి తిరిగింది. ఇంకొంచెం తిరిగితే అరికాలు చీల్చుకుని బయటికొస్తుందని రుక్మాంగదం గారు చెప్పారు. నిలబెట్టి ఉంచితే ఆరు నెలల్లో కొంత బాగుపడొచ్చట. పరీక్షకి పదహారు రోజులే ఉన్నాయి.

స్వారీలు ఆపేశాం. రెండు రోజులకే రోగులు జారిపోవడం మొదలైంది. లేపాక్షి రెండు నిమిషాల నుంచి నిమిషం ముప్పైకి వచ్చింది. వరసలో నిలబడ్డ మిగతా అయిదుగురూ నా వైపు చూస్తుంటే తల ఎత్తలేకపోయాను.

నమోదు 426

ఊరికే కూర్చోలేక ఒక పిచ్చిపని చేశాను. లేపాక్షిని వీపున ఎక్కించుకుని ఇసుక బరిలో మూడు చుట్లు తిరిగాను. యాభై రెండేళ్ళకి గుర్రమయ్యాను. మూడో చుట్టుకి నా నడుం పట్టేసి బోర్లా పడ్డాం.

"గాడిద నడకన్నా నీది" అని ఇసుకలో పడుకుని నవ్వింది. నవ్వి నవ్వి, నవ్వు ఆగాక అంది: "నేను తొట్టిలోకి పోనన్నా. ఆడ నొప్పుండదు, ఆకలుండదు. పదకొండేళ్ళలో నాకొక్క కల గూడా రాలేదు తెలుసా. ఇప్పుడు రోజూ వస్తాండాయి, పాడు కలలు. అవైనా నాకు కావల్ల."

నేను ఏదో ఒకటి చేస్తానన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు.

నమోదు 428

మేడం నన్ను గదికి పిలిచి తలుపేసింది. బల్ల మీద సూదిమందు సీసాలున్నాయి.

"కాలి నరానికి ఇది వేస్తే పూటంతా దానికి నొప్పి తెలీదు. మామూలుగా నడస్తాది. పన్నెండు రోజులు మద్దిలేటీ. అంతే."

"ఎముక బయటికొస్తుంది మేడం."

"తెలుసు. ఆరుగురు మనుషులుండారు, ఒక గుర్రముండాది. నువ్వే చెప్పు. నువ్వు వద్దంటే నేను వెయ్యను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె చెడ్డ మనిషైతే బాగుండేది, తిట్టి బయటికి వచ్చేవాణ్ణి. నేను సీసాలు తీసుకున్నాను.

సూది నేనే వేశాను. ఇరవై నిమిషాల్లో జొన్నమ్మ పాత జొన్నమ్మ అయిపోయింది, ఇసుక ఎగరేస్తూ నడిచింది. అయిదుగురు ఎక్కి దిగారు. ముఖాలు వెలిగిపోయాయి. లేపాక్షి వంతు వచ్చింది. మెట్టు మీద నుంచి జీనులోకి జరిగి కూర్చుంది. పది అడుగులు పోయాక పగ్గం వదిలేసి నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"ఏం చేసినావన్నా దీన్ని?"

నేను ఖాళీ సీసాని జేబులోకి తోశాను.

"దీనికి కాళ్ళు లేవు. ఉండాయి గానీ దీనికి తెలీదు. నా మాదిరి చేసినారు దీన్ని."

"పన్నెండు రోజులే లేపాక్షీ. నీ కోసమే కదా. నువ్వు రోజూ ఎక్కితే మూడు నిమిషాలు వస్తాయి."

"నేనెక్కను."

"ఎక్కకపోతే తొట్టే."

"నాకు తెలీదా ఆ సంగతి?" అని గట్టిగా అరిచింది. గుర్రం బెదరలేదు. దాని మెడ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా జారి కిందికి దిగింది. దిగడం బ్రహ్మాండంగా దిగింది. చూసి సంతోషించాల్సిన నేను గోడకేసి తిరిగి నిలబడ్డాను.

నమోదు 431

మిగతా అయిదుగురూ మూడు రోజులు స్వారీ చేశారు. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళకేమీ తెలియలేదు, తెలిసేంత ఒళ్ళు వాళ్ళకింకా రాలేదు.

ఇవాళ నాలుగో సూది వేయబోతూ ఎడమ గిట్ట ఎత్తి చూశాను. అరికాలు చీలి ఉంది.

నమోదు 432

ఇక దాన్ని బాధ నుంచి విడిపించడమే మిగిలిందని రుక్మాంగదం గారు అన్నారు, ఫోనులోనే ఉండి ఏ మందు ఎంత ఎక్కించాలో చెప్పారు. లేపాక్షి వచ్చి జొన్నమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. రావద్దన్నాను, వినలేదు. ఎక్కిస్తున్నంతసేపూ దాని చెవి వెనక గోకుతూనే ఉంది, కళ్ళు మూసుకుని.

"అయిపోయిందన్నా" అని నాకంటే ముందు ఆమే చెప్పింది.

పొద్దున పది దాటి అయిదు నిమిషాలు. పేడ లేదు. మేత వెయ్యలేదు.

నమోదు 440

పరీక్ష. మూడు నిమిషాలు కొలిచే యంత్రం, కింద అరికాళ్ళ బరువు తెలుసుకునే పలక, బల్ల వెనక ఇద్దరు బయటివాళ్ళు. ఆరుగురిలో ఇద్దరు నిలబడ్డారు, ముగ్గురు పడిపోయారు. లేపాక్షిని ఆఖర్న పిలిచారు.

కళ్ళు మూసుకుంది. ఒక నిమిషం. రెండు. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. రెండున్నర. పడలేదు, ఊగలేదు. మూడు నిమిషాలయ్యాయి, గంట మోగింది. నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

బల్ల వెనకాయన తల అడ్డంగా ఊపాడు. మూడు నిమిషాల్లో పలక మీద నుంచి ఎడమ కాలు పదకొండుసార్లు లేచిందట, కుడికాలు ఏడుసార్లు. కాలు లేస్తే తూకం తప్పినట్టేనని నిబంధన.

నాకప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. ఆమె ముందుకి చాచిన పాదాలు, వెనక్కి వేసిన బరువు, కాసేపు ఈ కాలు కాసేపు ఆ కాలు. ఆమెకి నిలబడటం నేర్పింది జొన్నమ్మ. నొప్పితో ఉన్న గుర్రం ఎలా నిలబడుతుందో అలాగే నేర్పింది.

"ఆమె పడలేదు సార్. కావాలనే ఎత్తింది. కాళ్ళు నొప్పి పుడుతున్నాయి ఆమెకి. నొప్పి తెలిసిందంటే ఒళ్ళు తెలిసినట్టే కదా" అన్నాను. అరిచాను కూడా.

"పాదాల్లో ఏ దెబ్బా లేదు. లేని నొప్పి తెలుస్తోందంటే ఒళ్ళు ఇంకా తప్పుగానే తెలుస్తోంది" అన్నాడాయన, చాలా మర్యాదగా. మేడం ఏదో చెప్పబోయింది. ఆయన కాగితం మీద ముద్ర వేశాడు.

నమోదు 441

తీసుకుపోవడానికి బండి వచ్చింది. లేపాక్షి నా రెండు చేతులూ పట్టుకుంది, వాటి వైపు చూడకుండానే.

"నీ మీద కోపం లేదన్నా. ఉంటే చెప్తాను, నా నోరు తెలుసు గదా."

"నేను అర్జీలు పెడతాను. వదిలిపెట్టను."

"పెట్టు" అంది. నమ్మలేదని గొంతులోనే తెలిసింది. బండి ఎక్కేటప్పుడు మెట్టు చూసుకోలేదు. చూసుకోకుండానే సరిగ్గా ఎక్కింది. ఇది ఎవరూ ఏ కాగితంలోనూ రాయలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 449

ఖాళీ లాయాన్ని కడుగుతున్నాను. వేరే పని లేదు. మూడు అర్జీలు పంపాను, ఒక్కదానికీ జవాబు లేదు.

నమోదు 456

పలకల మైదానం నుంచి మేడం పేరున ఒక ఉత్తరం వచ్చింది. నా అర్జీలకి జవాబనుకుని పరిగెత్తాను. కాదు. కొత్తగా శాశ్వత తొట్టిలో చేరిన మనిషి నడిపే యంత్రం ఒకటి కుంటుతోందట. పొట్టి అడుగులు వేస్తోందట. పని లేనప్పుడు ముందుకి కాళ్ళు చాచి, ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతోందట. కీళ్ళు విప్పి చూశారు, నూనె మార్చారు, ఏ లోపమూ దొరకలేదు. ఈ మనిషి మీ దగ్గర చికిత్స పొందింది కాబట్టి కారణం ఏమైనా తెలుసా అని అడిగారు.

మేడం ఉత్తరం నా చేతికిచ్చి కళ్ళద్దాలు తీసేసింది. తొట్టిలో నొప్పి ఉండదన్నారు. అక్కడ ఆమె మెలకువగా ఉంది, నొప్పితో ఉంది, అరవడానికి నోరు లేదు.

జవాబు నేనే రాశాను. యంత్రంలో లోపం లేదని, ఆ మనిషికి కాళ్ళు నొప్పి పుడుతున్నాయని, దయచేసి ఆమెని తొట్టి నుంచి తీయమని, తీస్తే ఆమె తన కాళ్ళ మీద తాను నిలబడుతుందని, ఆమె పూచీ నాదని. మేడం సంతకం పెట్టింది, కింద నేనూ పెట్టాను.

నమోదు 463

మైదానం నుంచి జవాబు వచ్చింది. మా సమాచారానికి కృతజ్ఞతలట. కాళ్ళదే సమస్య అని మేము చెప్పాం కాబట్టి, యంత్రానికి కొత్త కాళ్ళు వేశారట.